ఆమ్లజని నిర్దోషి

"మ్యామ్, హెచ్‌సీఎల్ మే ఆక్సిజన్ కహాఁ హై?"

మూడో బెంచీలో కళ్లద్దాల పిల్ల లేచి నిలబడి ఆ మాట అడిగేసరికి సుభద్ర చేతిలో సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. ఎక్కడుంది? ఎక్కడా లేదు. హెచ్ ఉంది, సీఎల్ ఉంది, అంతే, ఇద్దరే కాపురమున్న ఇల్లు, మూడోవాడు దాక్కోడానికి అటక కూడా లేదు, అయినా బోర్డు మీద ఇప్పుడే తన చేత్తో తనే రాసింది, ఆమ్లాన్ని ఆమ్లంగా చేసేది ఆక్సిజన్ అని, ఇంగ్లిషులో, గుండ్రటి అక్షరాలతో, కింద రెండు గీతలు కొట్టి మరీ. పదో తరగతి మొత్తం తలలు వంచుకుని దాన్ని నోట్‌బుక్కుల్లోకి దించేసుకుంది. వెనక గోడవారన కుర్చీల్లో కూర్చున్న పెద్దవాళ్లిద్దరూ చూశారు. అందులో ప్రిన్సిపాల్ మేడమ్ సంగతి పర్వాలేదు, ఆవిడది హిస్టరీ, అశోకుడికి ఆమ్లాలతో పనిలేదు. పక్కనున్న భరద్వాజ్ సారుది మాత్రం కెమిస్ట్రీ, ఘాజియాబాద్‌లోని ఈ స్కూల్లో ఆ సబ్జెక్టుకి ఆయనే పెద్ద దిక్కు, ఆయన పెన్ను మూత తీసే ఉంది. ఈ డెమో క్లాసు నెగ్గితే సైన్సు టీచరు. ఓడితే ఎప్పటిలాగే 'హవల్దార్ సాబ్ కీ మిసెస్'. జోధ్‌పూర్‌లో అదే పేరు, తేజ్‌పూర్‌లో అదే పేరు, బబీనాలో అదే పేరు, ఢిల్లీ కంటోన్మెంట్‌కి బదిలీ అయ్యాక కూరగాయలబ్బాయి నోట కూడా అదే పేరు. ఇవాళ పొద్దున ఈ ల్యాబ్‌లో అడుగుపెట్టగానే ఎవరో పిల్లవాడు బోర్డు మూల 'సుభద్రా మ్యామ్' అని రాసిపెట్టాడు, ఆ రెండు మాటలు రెండుసార్లు చదువుకుంది, పెళ్లి శుభలేఖ తర్వాత తన పేరు అంత పెద్దగా రాసినవాళ్లు లేరు. ఆ పేరు కిందే ఇప్పుడు ఈ తప్పు.

బయటపడే దారి లేకపోలేదు. టీచర్లందరి దగ్గరా ఉండే పాత మంత్రం ఒకటుంది, మీరు వింటున్నారో లేదో చూద్దామనే అలా రాశాను అనడం. అది నాలిక చివరిదాకా వచ్చేసింది కూడా, హిందీలోనే వచ్చింది, మై తో చెక్ కర్ రహీ థీ, ఇంకొక్క క్షణమైతే బయటపడేదే, కానీ సరిగ్గా అప్పుడే ఆ కళ్లద్దాల పిల్ల కూర్చుంటూ తనలో తను, పెదవులు కదిలీ కదలకుండా, "అబ్బా, పాపం" అంది. తెలుగు! ఇందాక హాజరు పిలిచినప్పుడు సాత్విక అంటే 'ప్రెజెంట్ మ్యామ్' అంది, అనుమానమే రాలేదు, ఏ ఇందిరాపురం అపార్టుమెంటులోనో సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్ల అయుంటుంది, వాళ్లమ్మ తెలుగులో కేకలేస్తే హిందీలో ఎదురుచెప్పే రకం, అలాంటి పిల్లకి కూడా జాలి మాత్రం తెలుగులోనే పుట్టుకొచ్చింది. సుభద్రకి నవ్వొచ్చింది. కుడితిలో పడ్డ ఎలుకకి నవ్వేమిటి అనిపించి ఇంకా నవ్వొచ్చింది. జాలిపడ్డ పిల్ల ముందు అబద్ధమాడితే అది అరగదు. పైగా ఆ పిల్ల నమ్మదు.

నిజం చెప్పాలంటే ముందు నిజమేమిటో గుర్తుకు రావాలి కదా. తెలుసు, తనకు తెలుసు, నెల్లాళ్లుగా ఆ పాఠమే చదివింది, కుక్కర్ విజిల్స్ మధ్యన, మెట్రోలో నిలబడి, పుస్తకంలో అది ఎడమచేతి పేజీ అని గుర్తుంది, ఆ పేజీ మూల టీ మరక గుర్తుంది, మరక ఆకారం శ్రీలంకలా ఉంటుందని కూడా గుర్తుంది, ఆ పేరొక్కటే గుర్తుకు రావడం లేదు. దాని స్థానంలో ఆక్సిజన్ కాలుమీద కాలేసుకుని కూర్చుంది. ఎవరు కూర్చోబెట్టారు దాన్ని? ఇందాక అంత ధీమాగా, ఆలోచించకుండా, అమ్మ పేరు చెప్పినట్టు చెప్పేసిందే, ఆ మాట తన నోట్లో పెట్టిందెవరు? పొద్దున మెట్రో నీలం లైన్లో ఎక్కి, గులాబీ లైన్లోకి మారి, ఎర్ర లైన్లో దిగి, అచ్చం ఆమ్లంలో పడ్డ లిట్మస్ కాగితంలా ప్రయాణం చేశానే అని ముచ్చటపడుతూ వచ్చిందే, అప్పటిదాకా బాగానే ఉందే. అంతకుముందు ఆయన ఫోను. తిరుమలేష్ డ్యూటీ నుంచి చేశాడు, "భయపడాకు సుభద్రా, వాళ్లేమన్నా తుపాకులు పట్టుకొని కూచుంటారా?" అన్నాడు. తుపాకులైతే నయం. భరద్వాజ్ సారు పెన్నుతో ఏదో రాసుకుంటున్నాడు, ఆ గీరుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది.

ఆ గీరుడు. పలకమీద బలపం గీరుడు. గిద్దలూరు హైస్కూల్లో, రేకుల షెడ్డులో, శివరామకృష్ణ సారు. పంచె కాదు, ప్యాంటే, కానీ నోరు మాత్రం ముందు తరానిది, పుస్తకంలో ఆక్సిజన్ అని అచ్చేసి ఉన్నా ఆయన చచ్చినా ఆ మాట అనేవాడు కాదు, నత్రజని, ఉదజని, ఆమ్లజని, మూడు తోబుట్టువుల పేర్లు పిలిచినట్టు పిలిచేవాడు. "అమ్మాయ్ సుభద్రా, జని అంటే పుట్టించేది. నీళ్లు పుట్టించేది ఉదజని. ఆమ్లం పుట్టించేది?" అని ఆయన ఆగితే షెడ్డంతా "ఆమ్లజనీ" అని సాగదీసేది, రేకుల మీద కాకులు లేచిపోయేవి. ఆమ్లం పుట్టించేది ఆమ్లజని! దొరికాడు దొంగ! ఇందాక తను ఇంగ్లిషులో రాసింది గానీ చెప్పింది సారు షెడ్డులోంచి, ముప్ఫైమంది గొంతుల్లోంచి. రెండొందల ఏళ్లకు ముందెప్పుడో ఏదో దేశంలో ఎవరో పండితుడు పొరపాటుపడి, ఆమ్లాలన్నిటికీ మూలం ఈ వాయువే అనుకుని దానికా పేరు తగిలించాడు, తర్వాత తప్పని తేలింది, అయినా పేరు చెరిగిపోలేదు. ఆ మాటకొస్తే ఆక్సిజన్ అన్నదానికి అర్థమూ అదేనట, కానీ ఆ అర్థం ఏ ఢిల్లీ పిల్లాడికి వినపడుతుంది, వాళ్లకదొక శబ్దం, సిలిండరు మీద రాసే పేరు. తెలుగులో చదువుకున్నవాడికే ఆ పేరు విప్పి చెబుతుంది, నేనే పుట్టించాను, నేనే పుట్టించాను అని, చెయ్యని నేరం ఒప్పుకుంటూ. ఇలాంటి తప్పు చెయ్యాలంటే తెలుగు మీడియంలోనే చదివుండాలి, అదీ శివరామకృష్ణ సారు దగ్గరే చదివుండాలి అనుకునేసరికి ఆమెకి సిగ్గు పోయి ఎక్కడలేని హుషారు వచ్చింది. పేరునిబట్టి నేరం మోపారు. సాక్ష్యం లేదు. అంటే అసలువాడు ఇంకా బయట తిరుగుతున్నాడు.

"గలత్ లిఖా మైనే," అంది సుభద్ర, తప్పు రాశానని, గట్టిగా, వెనక గోడదాకా వినపడేలా. టీచరు నోట అలాంటి మాట ఆ ల్యాబ్ గోడలు ఎన్నడూ విన్నట్టు లేదు. "మనం ఒక నిర్దోషిని పట్టుకొచ్చి జైల్లో పెట్టాం. ఇప్పుడు అసలు ముజ్రిమ్‌ని, ఆ నేరస్థుణ్ణి పట్టుకోవాలి. ఎవరు పోలీసులు?" అని హిందీలో అడిగిందో లేదో ఆఖరి బెంచీలోంచి త్యాగి అనే పొడుగుపిల్లాడు లేచి సెల్యూట్ కొట్టాడు, "మేరే మామా సచ్ మే దరోగా హై మ్యామ్!" క్లాసంతా గొల్లుమంది. మామయ్య ఇన్‌స్పెక్టరైతే మేనల్లుడికి సగం ట్రైనింగ్ అయినట్టే, రా, ముందుకు రా. వాడొచ్చాడు. సాత్వికని కూడా పిలిచింది. ఆ పిల్ల కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చి పక్కన నిలబడితే, చెవి దగ్గర "పాపం అన్నావు కదా, ఇప్పుడు సాయం చెయ్యి" అంది తెలుగులో. ఆ పిల్ల ముఖం ఎర్రబడిపోయింది, లిట్మస్‌కంటే త్వరగా.

అనుమానితులందరినీ వరసలో నిలబెట్టింది బోర్డు మీద, స్టేషన్లో గోడకి ఆనించి నిలబెట్టినట్టు. హెచ్‌సీఎల్. హెచ్‌టూఎస్ఓఫోర్. హెచ్‌ఎన్ఓత్రీ. సిర్కాలో, అదే వెనిగర్‌లో, ఉండే ఎసిటిక్ ఆమ్లం. పేర్లు రాస్తుంటే చెయ్యి దానంతటదే పోతోంది, ఈ చెయ్యి ఇన్నాళ్లూ పప్పులో తాలింపు వేసిందే గానీ ఏ అక్షరం తర్వాత ఏ అంకె అన్నది మర్చిపోలేదు, బడికి వెళ్లే దారి మర్చిపోని ఎద్దులాగా. ముందు నిర్దోషిని విడిచిపెట్టాలి. టేబుల్ మీద గాజు గిన్నెలో సున్నం ఉంది, సీఏఓ, చూశారా, ఇందులో ఆక్సిజన్ నిక్షేపంగా ఉంది, మరి ఇది ఆమ్లమా? పసుపు రాసి ఆరబెట్టిన కాగితాలు ఇంటినుంచి తెచ్చింది, తడి సున్నంలో ఒకటి ముంచగానే కాగితం భగ్గున ఎర్రబడింది, పిల్లలు 'ఓయ్' అన్నారు. ఆమెకి మాత్రం అమ్మ కనిపించింది, ఇత్తడి పళ్లెంలో పసుపు నీళ్లు, అందులో చిటికెడు సున్నం, చూస్తుండగానే ఎర్రనీళ్లు, పెళ్లయి తిరుమలేష్‌తో గడపలో నిలబడ్డప్పుడు ఆ ఎర్రనీళ్లే దిష్టి తీసి పారబోశారు, ఆ రోజు తలవంచుకు నిలబడి, క్షారం తగిలింది అందుకే ఎర్రబడింది అని మనసులో అనుకున్న కొత్తపెళ్లికూతురు తనొక్కతే అయుంటుంది ప్రకాశం జిల్లాలో. క్షారం! అంటే సున్నం ఆమ్లానికి పుట్టు శత్రువు. ఆక్సిజన్ ఉంది, ఆమ్లం లేదు. హెచ్‌సీఎల్‌లో ఆమ్లం ఉంది, ఆక్సిజన్ లేదు. నేరం జరిగినచోట వాడు లేడు, వాడున్నచోట నేరం లేదు. త్యాగి లాయరులా చెయ్యెత్తి, "బా ఇజ్జత్ బరీ!" అన్నాడు, సగౌరవంగా విడుదల అని, సుభద్ర డస్టర్ తీసుకుని తను రాసిన వాక్యాన్ని ఒక్క ఊపుతో తుడిచేసింది. ఎంత హాయిగా ఉందో, గంజి పెట్టిన చీరకి కుచ్చిళ్లు ఒక్కసారికే కుదిరినట్టు.

మరి వీళ్లందరిలో ఉన్నదెవరు? బోర్డు వైపు తిరిగి తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది, నాలుగు పేర్లు, నాలుగు ఇళ్లు, ఏ ఇంట్లో చూసినా ఒక మనిషి కామన్‌గా ఉన్నాడు, ఇంకా తమాషా, మొదటివాడు తన పేరులోనే దాచుకుని తిరుగుతున్నాడు, హైడ్రో, హైడ్రోక్లోరిక్! "హైడ్రోజన్," అంది సాత్విక గొణుగుతున్నట్టు. ఉదజని! నీళ్లు పుట్టించే అమాయకుడు, ముగ్గురు తోబుట్టువుల్లో ఎవరూ పట్టించుకోని వాడు. అనుమానం సరే, ఒప్పించాలి. పరీక్షనాళికలో జింకు ముక్కలు, వాటిమీద పలచటి హెచ్‌సీఎల్, బుడబుడమని పొంగు, నాళిక మూతి దగ్గర వెలిగించిన అగ్గిపుల్ల. టప్! కుక్కపిల్ల మొరిగినట్టు చిన్న మొరుగు. క్లాసు ఎగిరి గంతేసింది. మళ్లీ, మళ్లీ మ్యామ్! పలచటి సల్ఫ్యూరిక్‌తో చేస్తే మళ్లీ టప్. సిర్కా బద్ధకస్తుడు, జింకుతో పలకడు, మెగ్నీషియం రిబ్బన్ ముక్క వేస్తే గానీ నోరు విప్పలేదు, విప్పాక వాడూ టప్. త్యాగి చెయ్యి నైట్రిక్ సీసా మీదకి పోతోంది, వద్దు, ముట్టుకోకు, వాడి జోలికి పోకూడదు, వాడు దొరికిన హైడ్రోజన్‌ని అక్కడికక్కడే నీళ్లుగా మార్చేసి సాక్ష్యం మాయం చేస్తాడు అని చెబుతుంటే వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. భరద్వాజ్ సారు. పెన్ను మూత పెట్టి ఉంది. నవ్వుతున్నాడా, వెక్కిరిస్తున్నాడా? చూడొద్దు, ఇప్పుడు అటు చూడొద్దు, పాలు పొంగేటప్పుడు తలుపు చప్పుడైతే ముందు పాలు చూసుకోవాలి.

అయిపోయింది అనుకుంది. బోర్డు మీద హైడ్రోజన్ అని రాసి కింద గీతలు కొట్టడానికి చెయ్యి ఎత్తింది కూడా, అప్పుడు త్యాగి తల గోక్కుంటూ, "మ్యామ్, చీనీ మే భీ తో హైడ్రోజన్ హై. ఫిర్ తో చాయ్ ఖట్టీ హోనీ చాహియే!" అన్నాడు. చక్కెరలో కూడా హైడ్రోజన్ ఉంటే టీ పుల్లగా ఉండాలి కదా అని! క్లాసు పడీ పడీ నవ్వింది, ప్రిన్సిపాల్ మేడమ్ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, సుభద్ర చెయ్యి మళ్లీ గాల్లోనే ఆగిపోయింది. ఇది రెండోసారి. వెధవ, ఎంత బాగా అడిగాడు. చక్కెరలో ఒకటా రెండా, కుప్పలు కుప్పలుగా హైడ్రోజన్లు, అయినా తియ్యగా కూర్చుంటాయి. కానీ ఈసారి గుండె జారలేదు, ఎందుకంటే ఆ టీ మరక, చాయ్ అనగానే ఆ మరక, ఆ ఎడమచేతి పేజీ మొత్తం దబ్బున తెరుచుకుంది, బల్బు బొమ్మ, రెండు మేకులు, బ్యాటరీ! అన్నీ టేబుల్ మీదే ఉన్నాయి, తనే అడిగి పెట్టించుకుంది, భయంలో కళ్లముందున్నవి కూడా కనపడలేదు. ఒక బీకరులో గ్లూకోజ్ నీళ్లు, అదీ చక్కెర జాతిదే, మేకులు ముంచింది, తీగలు కలిపింది. బల్బు వెలగలేదు. పిల్లలు ముందుకు వంగారు, ఒకరి భుజాల మీదనుంచి ఒకరు, అందరి ముక్కులూ బల్బు చుట్టూనే. మేకులు కడిగి పలచటి హెచ్‌సీఎల్ బీకరులో ముంచింది. వెలిగింది! చిన్న పసుపుపచ్చ వెలుగు, పట్టపగలు కూడా కనపడేంత, ఢిల్లీ పొగమంచు పొద్దుటి సూర్యుడంత.

ఎందుకు వెలిగింది? ఎందుకంటే వాడు బయటికొచ్చాడు. చక్కెర ఇంట్లో హైడ్రోజన్ కట్టేసిన దూడలా ఉంటుంది, నీళ్లలో వేసినా గడప దాటదు. ఆమ్లంలో అలా కాదు, నీళ్లు తగలగానే తలుపు తీసుకుని వీధిలోకి వచ్చేస్తాడు, వస్తూ వస్తూ తన దగ్గరున్న ఒక్క ఎలక్ట్రాన్‌నీ క్లోరిన్‌కి వదిలేసి, ఏమీ లేకుండా, ఒంటరిగా. అలా ఎలక్ట్రాన్ వదిలేసి తిరిగేవాడికి వేరే పేరుంది, కిందటేడు మీరు చదువుకున్నదే. అలా రావడం వల్లే కరెంటు నడిచింది, అలా రావడం వల్లే నిమ్మకాయ పులుపు, చింతపండు పులుపు, అన్నీ. చెబుతూ చెబుతూ ఉంటే సుభద్రకి ఒళ్లంతా తేలికైపోయింది, హిందీలో చెబుతున్నానా తెలుగులో చెబుతున్నానా అన్నది కూడా తెలియడం లేదు, 'దూడ' అన్నది తెలుగులోనే అనేసినట్టుంది, సాత్విక పక్కవాళ్లకి 'బఛడా, బఛడా' అని అనువాదం చేస్తోంది, బడి మానిపించిన పిల్ల మళ్లీ బడికి వచ్చినట్టు, ఇన్నేళ్లూ గిన్నెల చప్పుడు కింద ఎక్కడో అణిగిమణిగి ఉన్న గొంతు అది, ఇంత పెద్దదా తన గొంతు? జోధ్‌పూర్ ఇసకలో, తేజ్‌పూర్ వానలో, ప్రతి క్వార్టర్ వంటింట్లో, వంటసోడా వేస్తే బజ్జీ ఎందుకు పొంగుతుందో చెప్పాలని ఉండేది, వినేవాళ్లు లేక బజ్జీలే చేసి పెట్టింది. ఇదిగో, వింటున్నారు. నలభై నోళ్లు తెరుచుకుని వింటున్నారు.

బెల్లు కొట్టింది. వరండా అంతా బూట్ల చప్పుడు, లంచ్ డబ్బాల చప్పుడు. ఈ గదిలో ఒక్కరూ లేవలేదు. త్యాగి కూడా లేవలేదు, ఆకలి అన్నమాటకి వాడే ముందుంటాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. వెనక కుర్చీ కిర్రుమంది. భరద్వాజ్ సారు లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "మేడమ్, సోమ్‌వార్ సే ఆ సకేంగీ?" అన్నాడు. సోమవారం. వచ్చే సోమవారం నుంచి రాగలరా అని. ఆ మాట కోసమే కదా మూడు రంగుల మెట్రోలు ఎక్కింది, ఆ మాట కోసమే కదా పొద్దుటినుంచి కాఫీ కూడా దిగలేదు, అయినా సుభద్ర ఆ మాట వైపు తిరగలేదు, అరచెయ్యి ఎత్తి ఆయన్ని ఆగమంది. ఆ చెయ్యి తనదేనా అని తనకే ఆశ్చర్యమేసింది.

"ఏక్ మినట్, సర్. ముజ్రిమ్ కా నామ్ బాకీ హై."

నేరస్థుడి పేరు ఇంకా మిగిలే ఉందనేసరికి భరద్వాజ్ సారు బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. ఆమె పిల్లల వైపు తిరిగింది. బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.

"ఇప్పుడు చెప్పండి. ఎవరు?"

"హైడ్రోజన్!" అన్నాడు త్యాగి.

"వాడు చక్కెరలోనూ ఉన్నాడుగా. చార్జిషీట్‌లో సగం పేరు రాస్తే మీ మామయ్య ఊరుకుంటాడా? పూరా నామ్!"

త్యాగి సాత్విక కేసి తిరిగాడు. సాత్విక కళ్లద్దాలు ముక్కు మీదకి జారాయి, వాటిని తోసుకోవడం కూడా మర్చిపోయి బల్బు కేసి, బీకరు కేసి, బోర్డు కేసి చూసింది, చూసి పిడికిలి బిగించి బల్లమీద ఒక్కటి గుద్దింది, ఆ గుద్దుకి అందరికీ ఒక్కసారే గుర్తొచ్చినట్టు క్లాసు క్లాసంతా లేచి నిలబడి, వరండాలో పోయేవాళ్లు సైతం ఆగి చూసేలా అరిచింది:

"హైడ్రోజన్ అయాన్!"